కందెన కథ: ఎడ్లబండి ఇరుసు నుండి పచ్చిక యంత్రం దాకా

2019 వేసవిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట మూడు నెలలున్నాను. ఆ మూడు నెలల్లో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. సరికొత్త గడ్డికోత యంత్రాన్ని పది నిమిషాల్లో పాడుచేశాను. ఆ సిగ్గు తీరక, దాని పూర్వాపరాలు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టి, చదివినకొద్దీ నా తప్పుకు నూట తొంభయ్యేళ్ళ చరిత్ర ఉందని గ్రహించి, దానినిక్కడ మిత్రులతో పంచుకుంటున్నాను.

జరిగినది ఇది. మావాడు ఆఫీసుకు వెళ్ళినవేళ పెరట్లో పెట్టె విప్పాను. యంత్రంతోపాటు చిన్న నూనె సీసా ఒకటి ఉన్నది. 1986లో కొన్న స్కూటరును ఇరవై రెండేళ్ళు నడిపినవాణ్ణి. పెట్రోలు బంకులో లీటరుకు ఇరవై మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిల్ కలిపించుకోవడం నాకు సంధ్యావందనమంత అలవాటు. సీసా మూతతో కొలిచి ఆ నూనెను పెట్రోలులో కలిపి, టాంకులో పోసి, తాడు లాగాను. యంత్రం గర్జించింది. పెరడు సగం కోసేసరికి గర్జన కీచుగా మారింది, చప్పున ఆగిపోయింది. మళ్ళీ తాడు లాగబోతే కదలలేదు. సాయంత్రం మా అబ్బాయి వచ్చి, దాదాపు నిండుగానే ఉన్న సీసాను చూసి, ఒక్క మాటే అన్నాడు: "నాన్నగారూ, కాగితం చదవలేదా?" ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయవద్దని ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలను మందలించినవాణ్ణి, ఏమి చెప్పగలను?

ఇక చరిత్రకు వస్తాను. పచ్చిక కోసే యంత్రం పుట్టింది పొలంలోనూ కాదు, తోటలోనూ కాదు, ఉన్నిబట్టల మిల్లులో. ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ అనే ఊరి చుట్టూ ఉన్నిబట్టల పరిశ్రమ ఉండేది. నేసిన బట్టమీద లేచి ఉండే నూగును సమంగా కత్తిరించడానికి, చుట్టూ కత్తులు బిగించిన ఒక స్తంభం తిరిగే యంత్రాన్ని వాడేవారు. ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అనే మెకానిక్కు ఆ నూగుకూ గడ్డికీ పోలిక తట్టింది. 1830లో పేటెంటు పొందాడు. అంతవరకు దొరల తోటల్లో పచ్చికను కొడవళ్ళతో కోసేవారు. కొన్నేళ్ళకు గుర్రాలు లాగే పెద్ద యంత్రాలు వచ్చాయి. డెక్కల గుర్తులు పచ్చికమీద పడకుండా ఆ గుర్రాలకు తోలు జోళ్ళు తొడిగేవారట! మన ఎడ్లకు నాడాలు కొట్టిస్తే, అక్కడి గుర్రాలకు మెత్తని పాదరక్షలు.

ఆ యంత్రాలకు కావలసిన నూనె ఎంత? పళ్ళచక్రాలమీద నాలుగు బొట్లు. మన బండి ఇరుసుకు కావలసినంత కూడా కాదు. మా తాతగారి బండికి కందెన గొట్టం వేలాడుతుండేది. వెదురు గొట్టంలో ఆముదమూ, కాల్చిన గడ్డి మసీ కలిపిన నల్లని ముద్ద. బండి కీచుమంటే దిగి, శీల తీసి, చక్రం ఎడంగా జరిపి, గుడ్డపేలికతో ఇరుసుకు రాసేవారు. కందెన ప్రసక్తి సుమతీ శతకంలోకి కూడా ఎక్కింది. అక్కడ దానికి పోలిక కరణంగారితో. ఆయన్ని మంచి చేసుకోకపోతే పనులు సాగవని శతకకారుని వెటకారం. మా తాతగారు కరణమే కనుక ఆ పద్యం మా ఇంట్లో ఎవరూ గట్టిగా చదివేవారు కారు.

నూనెల సంగతి వచ్చింది కనుక పాఠం చెప్పే పాతబుద్ధి కొద్దీ ఒక మాట. నువ్వుల నెయ్యి నూనె అయినది. సంస్కృతంలోనూ తిలనుండే తైలం పుట్టింది. ఇక స్నేహమంటే చెలిమి ఒక్కటే కాదు, చమురు కూడా. రెండు గట్టి వస్తువులు ఒరుసుకొని అరిగిపోకుండా నడుమ నిలిచేది స్నేహం. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ద్రవం చిక్కదనానికి స్నిగ్ధత అని పేరు పెట్టినవారెవరో గాని, వారికి నమస్కారం. ఈ స్నిగ్ధతే ముందు రాబోయే కథకు ఆయువుపట్టు.

1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ భూమిలోకి బావి తొలిపించి ముడిచమురు తీశాడు. అప్పటిదాకా ఆవిరి యంత్రాలకు పశువుల కొవ్వే కందెన. వేడికి అది చెడిపోయి, ఇనుమును తినేసేది. జాన్ ఎల్లిస్ అనే వైద్యుడు ముడిచమురులో ఔషధగుణం ఉన్నదేమోనని వెతికి, మందుకు బదులు మంచి కందెనను కనుగొన్నాడు. 1866లో ఆయన స్థాపించిన వ్యాపారమే తరువాత వాల్వొలీన్ అయింది. ఇంగ్లండులో 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ ఆరంభించిన సంస్థ కొన్నేళ్ళకు తన నూనెకు కాస్ట్రోల్ అని పేరు పెట్టింది. ఆ పేరులో ఉన్నది కాస్టర్, అంటే మన ఆముదమే. మొదటి ప్రపంచయుద్ధంలో, ఇంజనే గిరగిరా తిరిగే రకం విమానాలకు ఆముదం తప్ప మరొకటి సరిపడేది కాదు. ఎందుకంటే ఆముదం పెట్రోలులో తేలిగ్గా కరగదు. ఆ ఇంజన్లు నూనెను దాచుకోవు, వాడినదంతా బయటికే కక్కుతాయి. ఆ పొగ పీల్చిన పైలట్ల కడుపుల అవస్థను గురించి ఆముదం తాగించబడిన మన తరంవారికి నేను వివరించనక్కరలేదు. ఆ రోజుల్లో ఆముదపు గింజల ఎగుమతిలో భారతదేశానిది పెద్దచెయ్యి. హైదరాబాదు సంస్థానంలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలల్లో అది విస్తారంగా పండేది.

పచ్చిక యంత్రానికి పెట్రోలు ఇంజను అమర్చి అమ్మకానికి తెచ్చినది ఇంగ్లండులోని రాన్సమ్స్ సంస్థ, 1902లో. అప్పటినుండి నూనె ఎంపిక అనేది ఒక సమస్య అయి కూర్చుంది. ఏ నూనె ఎంత చిక్కనో చెప్పడానికి అమ్మేవారి మాట తప్ప కొలత లేదు. అమెరికాలో 1905లో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘం, ఎస్.ఏ.ఇ., 1911లో నూనెల చిక్కదనానికి తొలి ప్రమాణం తయారుచేసింది. సీసాల మీద నేటికీ కనబడే ఎస్.ఏ.ఇ. 30 వంటి అంకెల వంశమూలం అదే. ఆ అంకె బరువూ కాదు, నాణ్యతా కాదు. నూరు డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే తరగతి మాత్రమే. 10డబ్ల్యు-30 అన్నచోట డబ్ల్యు అంటే చలికాలం. చలిలో పదవ తరగతివలె పలుచగా పారి, వేడిలో ముప్పయ్యవ తరగతివలె చిక్కగా నిలిచే నూనె అది. చలిలో ముడుచుకొని వేడికి విచ్చుకునే పొడుగాటి అణువులను కలిపి ఈ రెండు గుణాలనూ సాధిస్తారు.

మిల్వాకీలో 1908లో పుట్టిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సంస్థ 1953లో తేలికైన అల్యూమినియం ఇంజను తెచ్చింది. అమెరికా శివారు ఇళ్ళ పెరడు పెరటికీ మోటారు గడ్డియంత్రం చేరడానికి అటువంటి ఇంజన్లే ఊతమయ్యాయి. అవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. అడుగున మూసిన గదిలో సుమారు అర లీటరు నూనె ఉంటుంది. వీటిలో చాలావాటికి కారుకున్నట్లు నూనె పంపూ ఉండదు, వడపోతా ఉండదు. తిరిగే చిన్న చక్రం ఒకటి నూనెను చిమ్ముతూ ఉంటే, ఆ తుంపరలతోనే లోపలి భాగాలన్నీ తడవాలి. చల్లబరచడానికి నీళ్ళు లేవు, గాలి ఒక్కటే. కొత్త యంత్రాన్ని నూనె లేకుండానే పెట్టెలో పెట్టి పంపుతారు. నేను మూతతో కొలిచి పెట్రోలులో కలిపిన నూనె హాయిగా కాలి పొగైపోయింది. అది చేరవలసిన గది ఎండిపోయి ఉన్నది. ఇనుము ఇనుమును కరచుకున్నది.

స్కూటరులో పెట్రోలు, గాలి కలిసి ఆ కింది గదిగుండానే ప్రయాణిస్తాయి. అక్కడ నూనె నిలవ పెట్టే వీలులేదు గనుక పెట్రోలుతోనే పంపుతారు. నేను చేసిన పని తప్పు కాదు, తప్పిన యంత్రానికి చేసిన సరైన పని! 1952లో సిడ్నీలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ తన ఇంటి గారేజీలో తయారుచేసిన విక్టా యంత్రం రెండు స్ట్రోకులదే. నమూనాకు పెట్రోలు టాంకుగా పీచ్‌పండ్ల డబ్బా వాడాడట. ఆస్ట్రేలియాలో ఇంటింటా పలికిన ఆ పాత యంత్రాలకు నా స్కూటరు విద్య చక్కగా సరిపోయేది. మా అబ్బాయి సిడ్నీలో ఉద్యోగం చూసుకోకపోవడం నా దురదృష్టం.

బాగుచేసే దుకాణంలో ఉన్న పెద్దాయన పాత ఇంజనును చూసి తల అడ్డంగా ఊపాడు. కొత్తది కొనడమే చవక అన్నాడు. నూనె గురించి మాత్రం ఓపికగా చెప్పాడు. నాలుగు డిగ్రీల సెంటిగ్రేడుకు పైన ఉండే వాతావరణంలో ఎస్.ఏ.ఇ. 30 శ్రేష్ఠం. చలిలో అది చిక్కబడి తాడు లాగడమే కష్టమవుతుంది గనుక అప్పుడు 5డబ్ల్యు-30 మేలు. 10డబ్ల్యు-30 మధ్యేమార్గం, కాని ఇరవై ఏడు డిగ్రీలు దాటిన ఎండలో అది కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, మాటిమాటికీ కడ్డీ తీసి మట్టం చూసుకోవాలి. మన ఊళ్ళ ఎండల్లో ఇటువంటి యంత్రం వాడేవారికి నా ఓటు ఎస్.ఏ.ఇ. 30కే. ఎక్కువ పోయడం కూడా తక్కువ పోసినంత చేటు. గుర్తు దాటితే పొగ.

రెండవ యంత్రానికి నేనే నూనె పోశాను. మావాడు పక్కనే నిలబడి కడ్డీ తీసి చూశాడు. ఏమీ అనలేదు. అయిదు గంటల వాడకం తరువాత మొదటిసారి నూనె మార్చమని కాగితంలో ఉన్నది. ఈసారి చదివాను. పోసిననాడు తేనెరంగులో ఉన్న నూనె బయటికి వచ్చేసరికి నల్లబడి, అందులో లోహపు రజను మెరుస్తున్నది. వాసన వేరే గాని, రంగు మా తాతగారి కందెన గొట్టంలోనిదే. వాడిన నూనెను నేలపాలు చేయకూడదు గనుక, పాలడబ్బాలో పోసి, మూత బిగించి, దానిని తీసుకునే కార్ల సామాను దుకాణానికి మర్నాడు మా అబ్బాయితో కలిసి వెళ్ళాను.