బంగారు గని నుండి కంప్యూటర్ కొలువు దాకా

ఏ ఊరి చరిత్ర అయినా ఆ ఊరి జీవనోపాధి చరిత్రతో ముడిపడి ఉంటుంది. బంగారుపేట విషయంలో ఇది అక్షరాలా సత్యం. 1864లో బెంగళూరు, జోలార్‌పేటల మధ్య రైలు మార్గం ఏర్పడింది. మైసూరు కమిషనరు బౌరింగ్ పేరిట బౌరింగ్‌పేటగా వ్యవహరింపబడిన ఈ ఊరు ఆ మార్గంలో ఒక మజిలీ. 1890 దశకంలో ఇక్కడి నుండి గనులకు శాఖామార్గం వేయడంతో అది కూడలిగా మారింది. ఆనాడు గనులకు కూలీలను చేరవేసిన రైలు నేడు తెల్లవారకముందే యువతీయువకులను బెంగళూరు కొలువులకు మోసుకొని పోతున్నది. వారిలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌ను వృత్తిగా ఎన్నుకొన్నవారూ ఉన్నారు. కృత్రిమ మేధ ప్రవేశించిన ఈ కాలంలో ఆ వృత్తి పిల్లలకు క్షేమకరమేనా అన్న ప్రశ్న అనేక కుటుంబాలను కలవరపెడుతున్నది. ఇందుకు సమాధానం వెదకబోయేవారికి గనుల చరిత్రే మొదటి పాఠం.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల సంస్థ కోలారు గనులను చేపట్టింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి, అందులో భాగమై తర్వాత చిత్తూరు జిల్లాలో చేరిన తెలుగు పల్లెల నుండి కూలీలు తరలివచ్చారు. 1902లో శివనసముద్రం జలపాతం వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరం ప్రయాణించి గనులకు చేరింది. ఆవిరి యంత్రాల వద్ద పని తగ్గింది. మోటార్లు, తీగల పని తెలిసినవారి అవసరం పెరిగింది. యంత్రం రాకతో గని మూతపడలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో పాతిక వేలకు పైగా కార్మికులు అక్కడ పనిచేశారు.

గని చివరకు మూతపడడానికి కారణం వేరు. మొదట్లో టన్ను రాతికి నలభై గ్రాములకు పైగా లభించిన బంగారం చివరి దశలో ఐదు గ్రాములకు లోపు పడిపోయింది. సొరంగాలు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి, ఖర్చు పెరిగింది. 1956లో రాష్ట్ర ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం గనులను స్వీకరించాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇల్లు, ఆసుపత్రి, నీరు, జీతం అన్నీ ఒకే యజమాని చేతిలో ఉన్న జనపదం ఒక్కసారిగా దిక్కు తోచని స్థితిలో పడింది. తరతరాలుగా ఒకే పని చేసినవారికి మరొక పని నేర్పే ఏర్పాటు ముందుగా జరుగలేదు. ఆ లోపం కార్మికులది కాదు.

అయితే గనితోపాటు గని నేర్పిన విద్య నశించలేదు. లోతైన సొరంగాలలో శిలలు పగిలిపోయే ప్రమాదాలను అధ్యయనం చేసిన అనుభవం నుండి 1988లో ఇక్కడ జాతీయ శిలా యాంత్రికశాస్త్ర సంస్థ అవతరించింది. గనులు మూతపడిన తర్వాత కూడా ఆనకట్టలకు, సొరంగ మార్గాలకు, భూగర్భ విద్యుత్కేంద్రాలకు ఆ సంస్థ విజ్ఞానం అక్కరకు వచ్చింది. బంగారం తవ్విన చోటు మారినా రాతి స్వభావం ఎరిగినవారికి పని కరవు కాలేదు.

ప్రోగ్రామింగ్ చరిత్రలోనూ ఇటువంటి మలుపులు ఉన్నాయి. 1957లో జాన్ బ్యాకస్ బృందం ఐబీఎం సంస్థలో ఫోర్ట్రాన్ భాషను రూపొందించింది. అంతకుముందు మనిషి ఒక్కొక్కటిగా వ్రాసిన యంత్రసంకేతాలను ఆ తర్వాత కంప్యూటరే తయారుచేసుకొన్నది. పని సులభమైనకొద్దీ కంప్యూటర్ల వాడకం విస్తరించి, ప్రోగ్రామర్ల సంఖ్య పెరిగింది. 1970 దశకం చివర బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సిటీ రూపుదిద్దుకొన్నది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆ నగరంలో కేంద్రం నెలకొల్పింది. కోలారు జిల్లా యువత దృష్టి అటు మళ్ళింది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తర్వాత మామూలు మాటలలో అడిగితే ప్రోగ్రాము వ్రాసిపెట్టే సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ సుమారు 12 వేల ఉద్యోగాలను తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. ఇందుకు కృత్రిమ మేధ కారణం కాదనీ, నైపుణ్యాల పొంతన కుదరకపోవడమే కారణమనీ సంస్థ వివరించింది. కారణం ఏదైనా, నేర్చినది ఒక్కటే అయితే కొలువు నిలువదన్న సంగతి మాత్రం స్పష్టమైనది. గనిలో ఖనిజం తరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ అవసరం తరిగిపోలేదు. అయినా కొత్తగా చేరినవారికి అప్పగించే చిన్న చిన్న పనులను యంత్రం చేయగలుగుతున్నది గనుక, తొలి మెట్టు ఎక్కడం మునుపటికంటే కష్టమవుతున్నది.

అయితే మనిషికి మిగిలే పని ఏది? జిల్లాలోని పల్లెలకు సుపరిచితమైన పాల సంఘాన్నే తీసుకొందాం. పాలలోని వెన్న శాతాన్ని బట్టి రైతుకు చెల్లింపు లెక్కించే ప్రోగ్రామును కృత్రిమ మేధ నిమిషాలలో వ్రాయగలదు. కాని పరీక్షించే యంత్రం తప్పు చూపిన రోజున ఏ అంకెను నమ్మాలి, కరెంటు పోయిన పూట లెక్క ఎలా సాగాలి, అక్షరం రాని రైతుకు చీటీ మీద ఏమి కనపడాలి అన్నవి పాల సంఘాన్ని, రైతును ఎరిగిన మనిషి నిర్ణయించవలసినవి. లెక్క తప్పితే జవాబు చెప్పవలసినవాడూ మనిషే.

కాబట్టి సమస్యను అర్థం చేసుకొని, యంత్రం ఇచ్చిన దానిలోని తప్పును పట్టగలవారికి ప్రోగ్రామింగ్ ఇప్పటికీ మంచి వృత్తే. ఆరు నెలల శిక్షణలో ఒక భాష నేర్చి జీవితాంతం దానిమీద ఆధారపడదలచినవారికి మాత్రం అది బంగారం తరిగిన గని వంటిది. గణితం, తర్కం, చదివినదాన్ని సొంత మాటలలో చెప్పగల శక్తి ఆ వృత్తికి పునాదులు. ఈ పునాదులు పడేది పాఠశాలలోనే. మాతృభాషలో చదివిన బాలబాలికలకు ఇవి ఏమాత్రం దూరం కావు. తెలుగులో ఆలోచించి సమస్యను విడమరచడం నేర్చినవారు ఇంగ్లీషును ఆపైన శ్రద్ధగా అభ్యసించవచ్చును.

తల్లిదండ్రులు గ్రహించవలసినది మరొకటి ఉన్నది. ఇంటిలోని పిల్లలందరినీ ఒకే కొలువు వైపు నడిపించడం ఊరంతా ఒకే గనిని నమ్ముకోవడం వంటిది. అభిరుచి కలవారు ప్రోగ్రామింగ్ వైపు వెళ్ళాలి. మిగిలినవారికి సేద్యం, వైద్యం, బోధన, యంత్రనిర్మాణం ఉన్నాయి. ఏ వృత్తిలో చేరినా నేర్చుకోవడం మానరాదని చెప్పి పంపడం పెద్దల విధి. గనులు మూతపడిన నాడు ఈ ప్రాంతం చెల్లించిన మూల్యం రాబోయే తరానికి హెచ్చరికగా ఉపకరిస్తే, ఆ చరిత్ర చదివిన ప్రయోజనం నెరవేరినట్లే.