గాదె ముందు, గద్దె తర్వాత

"ఇన్ని వందల ఏళ్లు మీరే ఏలారు కదా, ఇంకా ఏం కావాలి?" ఈ మాట వినని ముస్లిం ఈ గడ్డ మీద బహుశా ఉండడు. ఎన్నికల సభల్లో వింటున్నాం, హోటలు బల్లల దగ్గర వింటున్నాం, రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడల్లా వింటున్నాం. జవాబుగా మావాళ్లు కొందరు చార్మినార్‌ను చూపిస్తారు, ఉస్మానియాను చూపిస్తారు. నిందించేవాళ్లూ, జవాబిచ్చేవాళ్లూ ఒక్క విషయంలో మాత్రం ఏకమవుతున్నారు. రాజ్యానికి మతం ఉంటుందనీ, రాజుగారి మతం వాళ్లందరికీ అందులో వాటా ఉంటుందనీ ఇద్దరూ నమ్ముతున్నారు. ఈ ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది. అసలు రాజ్యం ఎట్లా పుట్టింది, దేన్ని తిని పెరిగింది, మనుషుల్ని ఏ వరసలో నిలబెట్టింది? ఇవి తేలకుండా ఎవరు ఏలారో తేలదు.

మొదటి రాజ్యాలు పుట్టిన చోటు నేటి ఇరాక్ దక్షిణ ప్రాంతం. 5 వేల ఏళ్లకు పైబడిన మాట. ఊరుక్ నగరంలో దొరికిన తొలి మట్టిపలకల మీద స్తోత్రాలు లేవు, యుద్ధగాథలు లేవు. ఎక్కువ భాగం లెక్కలే. ఎంత బార్లీ వచ్చింది, ఎన్ని గొర్రెలున్నాయి, పనివాళ్లకు ఎంత గింజ కొలిచారు అన్నవే ఆ లెక్కలు. అక్కడ రాత పుట్టింది కవిత్వం కోసం కాదు, గాదె కోసం.

సేద్యం నేర్చిన వెంటనే రాజ్యం రాలేదు. మధ్యలో కొన్ని వేల ఏళ్లు గడిచాయి. జేమ్స్ స్కాట్ అనే పరిశోధకుడు 2017లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతినే పట్టుకున్నాడు. బార్లీ, గోధుమ, వరి ఒకే కాలంలో కోతకొస్తాయి. కళ్లంలో కంటికి కనిపిస్తాయి. కొలవొచ్చు, నిలవ చేయొచ్చు, బండికెత్తొచ్చు. దుంపయితే భూమిలో దాక్కుంటుంది, మంద అయితే కొండెక్కి పోతుంది. అందుకే తొలి రాజ్యాలు గింజ చుట్టూ అల్లుకున్నాయి. కళ్లంలో కొలిచే చెయ్యి, ఆ చేతికి కాపలా కాసే కర్ర, ఆ కర్ర న్యాయమేనని చెప్పే నోరు కలిసిన చోట రాజ్యం నిలిచింది. అంతమాత్రాన ఇదొక్కటే దారి అనుకోనక్కర్లేదు. హరప్పా, మొహెంజొదారోల్లో ఇది రాజభవనమే అని తిరుగులేకుండా చెప్పగలిగిన కట్టడం ఇప్పటికీ దొరకలేదు. రాజు లేకుండా కూడా మనుషులు పెద్ద ఊళ్లు కట్టుకుని బతికి ఉండొచ్చు.

ఈ విషయం మీద కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడినవాడు మా చరిత్రలోనే ఉన్నాడు. ట్యూనిస్‌లో 1332లో పుట్టి, కైరోలో 1406లో చనిపోయిన ఇబ్న్ ఖల్దూన్. నేటి అల్జీరియాలోని ఒక కోటలో తలదాచుకుని 1377లో 'ముఖద్దిమా' రాశాడు. ఆయన తన కళ్లముందు లేచి కూలిన ముస్లిం రాజవంశాలనే బల్లమీద పెట్టి కోసి చూశాడు. రాజ్యాన్ని నిలబెట్టేది 'అసబియ్యా', అంటే ఒక గుంపును కట్టిపడేసే కూడికబలం అన్నాడు. ఎడారిలో, కొండల్లో కలిసి కష్టపడ్డ గుంపు నగరాన్ని గెలుస్తుంది. గెలిచాక సుఖం మరుగుతుంది. మూడు తరాల్లో కూడిక సడలిపోతుంది. మొదట్లో పన్ను తక్కువ, రాబడి ఎక్కువ. చివర్లో పన్ను ఎక్కువ, రాబడి తక్కువ. ప్రవక్తలు లేని జనాల్లో కూడా రాజ్యాలున్నాయి కాబట్టి రాజ్యం నిలవడానికి దైవశాసనం తప్పనిసరి కాదని కూడా ఆయన వాదించాడు. ఆరువందల ఏళ్ల కిందట ఒక ముస్లిం ఖాజీ చెప్పగలిగిన మాట ఇవాళ మనం చెప్పడానికి జంకుతున్నాం.

ఇక మన దక్కనుకు వద్దాం. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో సాతవాహన సిముకుడి నాణేలు దొరికాయి. వాటితోపాటు గోబద, సమగోప లాంటి స్థానిక పాలకుల నాణేలూ దొరికాయి. అంటే పెద్ద రాజ్యానికి ముందు చిన్న చిన్న నాయకులున్నారు. ఇనుము కరిగించే పల్లెలు, వరి పండే నేలలు, ఓడరేవులకు పోయే బాటలు ఎవరి చేతికి చిక్కాయో వాళ్లు రాజులయ్యారు. ఆ రాజ్యం ఏం చేసేదో నాసిక్ గుహల శాసనాలు చెబుతాయి. గౌతమీపుత్ర శాతకర్ణి భిక్షువులకు భూమి దానమిస్తూ, రాజు మనుషులు ఇందులో అడుగుపెట్టరాదు, ఉప్పు కోసం తవ్వరాదు అని రాయించాడు. దానమివ్వని ఊళ్లలో ఏం జరిగేదో దీన్నిబట్టే తెలుస్తోంది. ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం, తన కొడుకు చాతుర్వర్ణ సంకరాన్ని ఆపాడని పొగుడుతుంది. ఎవరు ఎవరితో కలవకూడదో చూడటం అప్పటికే రాజుగారి ఘనకార్యాల్లో చేరిపోయిందన్నమాట. మిగులు పండించేవాణ్ణి కదలకుండా నిలబెట్టడానికి కులాన్ని మించిన కంచె ఏముంటుంది?

తర్వాత కాకతీయులొచ్చారు. వాళ్ల శాసనాలు చాలావాటిలో తాము నాలుగో వర్ణం వాళ్లమనే చెప్పుకున్నారు. రామప్ప, పాకాల చెరువులు తవ్వించారు. చెరువు కింద వరి, వరి మీద పన్ను, పన్ను మీద కోట. శూద్రులు గద్దెనెక్కినంత మాత్రాన మాదిగవాడకు భూమి రాలేదు. 1323లో ఓరుగల్లు పడింది. 1347లో బహమనీలు, ఆ తర్వాత గోల్కొండలో కుతుబ్‌షాహీలు వచ్చారు. పైన పేర్లు మారాయి, ఫర్మానాల భాష మారింది. కింద కరణం కరణమే, దేశ్‌ముఖ్ దేశ్‌ముఖే. పన్ను వసూలు వేలంపాట పాడుకునే వాడికి మతం అడ్డురాలేదు. చివరి సుల్తాను తానీషా దగ్గర సర్వాధికారి మాదన్న అనే బ్రాహ్మణుడు. దీన్ని 'ముస్లిం రాజ్యం' అని ఎట్లా పిలుద్దాం? చరిత్రను హిందూ యుగం, ముస్లిం యుగం అని కోసిపెట్టింది 1817లో జేమ్స్ మిల్ అనే స్కాట్లాండ్‌వాడు. ఆ కత్తినే ఇరువైపులవాళ్లూ ఇంకా తిప్పుతున్నారు.

మరి ఆ రాజ్యంలో మేమెక్కడున్నాం? దూది ఏకుతూ ఉన్నాం. కటికపని చేస్తూ, అత్తరు అమ్ముకుంటూ, ఎలుగును ఆడిస్తూ, దర్గాల ముందు చెయ్యి చాస్తూ ఉన్నాం. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడమంది ఇస్లాం, నిలబడ్డాం. బయటికి రాగానే ఊరు మాకొక పని, ఒక మూల చూపించింది. షరీఫులమనుకునే మా పెద్దింటి సాయిబులు కూడా దూదేకులవాళ్లకు పిల్లనివ్వలేదు. 1940ల తొలినాళ్లలో భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టుల్లో కొట్లాడి హత్యకు గురైన షేక్ బందగీ ముస్లిం రైతే. అప్పుడు గద్దె మీద ఉన్నది నిజామే. ఆ గద్దె బందగీని కాపాడలేదు.

1948 సెప్టెంబరులో ఆ రాజ్యం కూలింది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, ఆయన భరణం ఆయనకొచ్చింది. కూలినదాని బరువు పడింది పల్లెల మీద. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నెత్తురు చూశాయి. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. రాజ్యం తిన్నవాళ్లు వేరు, రాజ్యం పేరుతో చచ్చినవాళ్లు వేరు.

2007లో వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ ప్రభుత్వం బి.సి.-ఇ జాబితా వేసింది. ఆ జాబితాను ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, ధోబీ ముస్లింలు, తురక కాశవాళ్లు కనిపిస్తారు. తురక కాశవాళ్లంటే తిరగళ్లకు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు. గింజ ఉన్నంతకాలం రాజ్యం ఉంది, గింజ విసరడానికి తిరగలి ఉంది, తిరగలి అరిగితే కక్కు కొట్టడానికి మా మనిషి ఉన్నాడు. ఏ శాసనమూ వాడి పేరు చెక్కలేదు, ఏ తారీఖూ వాడి ఊసెత్తలేదు.

కాబట్టి మాకు గోల్కొండ కీర్తిలో వాటా వద్దు, గోల్కొండ పాపంలో వాటా అసలే వద్దు. మాకు కావలసింది కళ్లం దగ్గర నిలబడి రాసిన చరిత్ర. మాల, మాదిగ, చాకలి, మంగలి, దూదేకుల, కాశవాడు ఒకే కొలపాత్ర ముందు ఏ వరసలో నిలబడ్డారో చెప్పే చరిత్ర. అది రాసుకున్నరోజు "మీరు ఏలారు" అనే మాటకు జవాబు మేమొక్కరమే చెప్పుకోవలసిన అవసరం ఉండదు.