పత్తి, వెండి, వాటాలు: 1861–65 నాటి బొంబాయి మదుపు చరిత్ర

సరుకులు, నాణేల మారకం, కంపెనీ వాటాలు, భూములు అనేవి నాలుగు వేర్వేరు మార్కెట్లని, ఒకదానిలో పోయిన సొమ్మును మరొకదానిలో రాబట్టుకోవచ్చని మదుపుదారులు సాధారణంగా నమ్ముతారు. ఈ నమ్మకానికి భారతదేశంలో తొలిసారి పెద్ద ఎత్తున పరీక్ష ఎదురైనది 1861–65 మధ్యకాలపు బొంబాయిలో. పత్తి వర్తకులు, దలాలులు మాత్రమే గాక న్యాయవాదులు, వైద్యులు, గుమాస్తాలు, ప్రభుత్వోద్యోగులు కూడా తమ పొదుపు సొమ్మును వాటాలలో పెట్టి పోగొట్టుకున్న ఆ అయిదేళ్ల ఉదంతాన్ని చాలామంది చరిత్రకారులు అత్యాశ ఫలితంగా చెప్పి ముగించారు. అత్యాశ ఉన్నమాట నిజమే గాని, అది ఏ కాలంలోనూ ఏ మార్కెట్‌లోనూ లేకపోలేదు కనుక, ఆనాటి పతనానికి అదొక్కటే కారణమనడం సమంజసం కాదు. నాలుగు మార్కెట్లూ ఒకే ఆధారం మీద, అంటే సముద్రాల ఆవల జరుగుతున్న ఒక యుద్ధం ఇంకా కొనసాగుతుందనే అంచనా మీద నిలబడి ఉన్నాయన్న సంగతి మదుపుదారుల దృష్టికి రాకపోవడంలోనే ఆ నష్టానికి మూలం ఉన్నది.

1861 ఏప్రిల్‌లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలై, దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించడంతో ఇంగ్లండులోని లంకాషైర్ మిల్లులకు ముడిసరుకు కరవైంది. అంతకుముందు బ్రిటన్ వాడుకునే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికా నుంచే వచ్చేది. భారతదేశపు పత్తి పింజ పొట్టిది, చెత్తాచెదారం ఎక్కువ, దానికి తగినట్టుగా యంత్రాలను సర్దుకోవలసి వచ్చేది. అయినా వేరే దారి లేనందున లివర్‌పూల్ వర్తకులు దానినే పోటీపడి కొన్నారు. బ్రిటన్ దిగుమతులలో భారతీయ పత్తి వాటా 1860లో సుమారు 16 శాతం ఉండగా 1862 నాటికి 75 శాతానికి చేరింది, ధరలు యుద్ధానికి ముందున్న స్థాయికి కొన్ని రెట్లయ్యాయి. గుజరాత్, ఖాందేష్, బేరారు ప్రాంతాల సరుకు బొంబాయి రేవుకు చేరేది. తెలుగునాట గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో పండి కాస్త ఎర్రజీర కలిగిన పత్తి కాకినాడ మీదుగా ఓడలెక్కేది, విదేశీ మార్కెట్లలో అది ఆ రేవు పేరుతోనే 'కోకనాడ' రకంగా చలామణి అయింది. కాకినాడ పెద్ద ఎగుమతి రేవుగా ఎదగడానికి ఈ గిరాకీ ముఖ్యమైన ప్రేరణ. అయితే ఆ లాభం కంపెనీ వాటాలుగా మారి, ఒక నగరాన్నంతటినీ ఊపివేసింది మాత్రం బొంబాయిలోనే.

పత్తికి ప్రతిఫలంగా బొంబాయికి వచ్చినది ప్రధానంగా వెండి. ఆనాటి రూపాయి వెండి నాణెం. దాని మారకపు విలువ సుమారు రెండు షిల్లింగులు, అంటే పది రూపాయలు ఒక పౌనుకు దాదాపు సమానం. ప్రైవేటు వ్యక్తులెవరైనా వెండి తెచ్చి టంకశాలలో ఇచ్చి, నిర్ణీత రుసుము చెల్లించి, రూపాయి నాణేలుగా ముద్రింపజేసుకునే హక్కు 1893 వరకు అమలులో ఉన్నది. ఈ ఏర్పాటు వల్ల ఎగుమతులు పెరిగినప్పుడల్లా దేశంలోకి వచ్చిన వెండి నేరుగా చలామణిలోని డబ్బుగా మారేది. కాగితపు నోట్ల జారీ అధికారాన్ని 1861 చట్టం బ్యాంకుల నుంచి తీసి ప్రభుత్వానికి అప్పగించినప్పటికీ, బజారులో నమ్మకం వెండి మీదనే. పత్తి రైతులు బండిచక్రాలకు వెండి పట్టాలు బిగించుకున్నారన్న కథలు ఆ కాలంలో పుట్టినవే. యుద్ధకాలపు ధరల వల్ల బొంబాయికి మామూలుకంటే అదనంగా చేరిన సంపదను తరువాతివారు ఏడెనిమిది కోట్ల పౌన్లుగా లెక్కగట్టారు. గమనించవలసినదేమంటే, పత్తి ధర మీద ఆధారపడినది పత్తి వర్తకుని లాభం ఒక్కటే కాదు, నగరంలో తిరుగుతున్న డబ్బు పరిమాణమే దానిమీద ఆధారపడింది.

ఆ డబ్బుకు తగిన దారులను చట్టం అప్పటికే తెరిచి ఉంచింది. కంపెనీ దివాలా తీస్తే వాటాదారు తన వాటా మేరకే బాధ్యుడు, అతని ఇల్లూ వాకిలీ అప్పులవారి పాలు కానక్కరలేదు అనే పరిమిత బాధ్యత సూత్రాన్ని 1857 చట్టం భారతదేశానికి తెచ్చింది. బ్యాంకులకు దానిని 1860లో వర్తింపజేశారు. పర్యవసానంగా 1865 జనవరి 1 నాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 16 ఫైనాన్స్ సంఘాలు, 8 భూమి కంపెనీలు, 16 పత్తి ప్రెస్ కంపెనీలు, 10 ఓడల కంపెనీలు, 20 బీమా కంపెనీలు వెలిశాయి. వీటిలో ఫైనాన్స్ సంఘాల పని ప్రత్యేకంగా చెప్పుకోదగినది: ఇతర కంపెనీల వాటాలను హామీగా ఉంచుకుని అప్పులివ్వడమే వాటి వ్యాపారం. కొత్త కంపెనీల వాటాలు కొనడానికి పాత కంపెనీల వాటాలు తాకట్టు పెట్టడం, అలా కొన్నవాటిని మళ్లీ తాకట్టు పెట్టడం సాగినంత కాలం అందరి ఆస్తులూ కాగితం మీద పెరుగుతూనే ఉంటాయి.

ఈ వ్యవస్థకు కేంద్రంగా నిలిచిన వ్యక్తి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. సూరత్ నుంచి వచ్చిన జైన కుటుంబానికి చెందిన ఈ దలాలుకు ముప్పై అయిదేళ్లు నిండకముందే బొంబాయి వాటాల బజారులో ఎదురులేకుండా పోయింది. 1865 తొలినాళ్లలో పర్షియా సింధుశాఖ మీదుగా ఐరోపాతో తంతి సంబంధం ఏర్పడేదాకా లివర్‌పూల్ ధరలు సూయెజ్ నుంచి వచ్చే టపా ఓడలతో పాటే బొంబాయి చేరేవి. ఓడ రేవు పట్టేలోగా ప్రేమ్‌చంద్ సముద్రంలోకి పడవలు పంపి, అందరికంటే ముందుగా ఆ ధరలు తెలుసుకునేవాడని ప్రసిద్ధి. ఒక పూట ముందుగా అందిన సమాచారం ఎంత లాభమో, అది అందని సాధారణ మదుపుదారుకు అంతే నష్టం. ఆయన దానగుణం కూడా అంతే పెద్దది. బొంబాయి విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం కోసం, తల్లి రాజాబాయి పేర గడియార స్తంభం కోసం ఆయన ఇచ్చిన విరాళాలు ఆ కాలానివే.

ఆనాటి వాటాలన్నిటిలోకీ పేరుమోసినది బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీది. నగరానికి పడమట ఉన్న సముద్రపు వంపును పూడ్చి నేల తీసి, కొంత రైలు మార్గానికి ఇచ్చి, మిగిలినది ఇళ్ల స్థలాలుగా అమ్మాలన్నది దాని సంకల్పం. ఇరుకైన బొంబాయికి నేల నిజంగానే అవసరం కనుక ఈ పథకాన్ని పూర్తిగా మోసమనడానికి వీలులేదు. కానీ 5,000 రూపాయలు చెల్లించిన వాటా బజారులో సుమారు 50,000 పలికినప్పుడు, ఆ ధరకు సరిపోయే భూమి అప్పటికింకా నీటి అడుగునే ఉన్నది. ఇటువంటి పలు కంపెనీలు వాటా ముఖవిలువలో కొంత భాగాన్నే మొదట వసూలు చేసి, మిగిలినదానిని అవసరమైనప్పుడు అడిగి రాబట్టుకునే హక్కును అట్టిపెట్టుకునేవి. వాటా ధర పెరుగుతున్నంత కాలం తక్కువ సొమ్ముతో ఎక్కువ వాటాలు దక్కినట్టు కనిపించిన ఈ పద్ధతి, ధర పడిపోయాక కంపెనీలు మిగతా సొమ్ము చెల్లించమని తాఖీదులు పంపేసరికి, విలువలేని కాగితం పట్టుకున్నవాని మీదనే మరో అప్పు మోపింది.

వాటా చేతికి రాకముందే, సొమ్ము చేతిలో లేకపోయినా బేరం చేయడానికి వీలు కల్పించినది వాయిదా ఒప్పందం. ఫలానా తేదీన ఫలానా ధరకు ఇన్ని వాటాలు కొంటానని ఒకరు, అమ్ముతానని మరొకరు ముందే మాట ఇచ్చుకోవడం దీని స్వరూపం. ఉదాహరణకు ఒక గుమాస్తా జనవరిలో ఒక వాటాను జులై 1న 40,000 రూపాయలకు కొంటానని ఒప్పుకున్నాడనుకుంటే, ఆనాటికి ధర 45,000 అయిన పక్షంలో వాటాను కళ్ల చూడకుండానే 5,000 తేడా జేబులో వేసుకుంటాడు. ధర 10,000కు దిగితే తన జీవితకాలపు జీతాన్ని మించిన 30,000 తేడా చెల్లించవలసి వస్తుంది. పంట చేతికి రాకముందే ధర ఖాయం చేసుకోదలచిన రైతుకు, ముందుగా నూలు అమ్ముకున్న మిల్లు యజమానికి ఇటువంటి ఒప్పందం నష్టభయం నుంచి రక్షణ. సరుకు పండించడంగాని వాడడంగాని చేయని మనిషికి అది నష్టభయాన్ని కొని తెచ్చుకోవడమే. నేటి వ్యవస్థీకృత మార్కెట్లలో ఒప్పందం చేసుకున్ననాడే కొంత హామీ సొమ్ము, అంటే మార్జిన్, కట్టించుకుని, ధర మారినకొద్దీ ఏరోజు తేడాను ఆరోజే వసూలు చేసే క్లియరింగ్ సంస్థలు ఉన్నాయి. 1865 నాటి బొంబాయిలో అటువంటి సంస్థ లేదు. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో గడువు రోజున గాని తెలిసేది కాదు, అప్పటికి ఒకని మాట మీద పదిమంది మాటలు ఆధారపడి ఉండేవి. కొద్ది హామీతో దానికి ఎన్నో రెట్ల విలువగల క్రిప్టో నాణేల మీద బేరాలు చేసే నేటి మదుపుదారులు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవడం ఎంతైనా అవసరం.

వీటన్నిటికీ అంతిమంగా అప్పు సమకూర్చినది బ్యాంక్ ఆఫ్ బాంబే. 1840లో ప్రభుత్వ భాగస్వామ్యంతో స్థాపితమైన ఈ బ్యాంకు ఎటువంటి హామీల మీద అప్పు ఇవ్వవచ్చో పాత చట్టం గట్టిగా నిర్దేశించగా, 1863 చట్టం ఆ కట్టుబాట్లను సడలించి, కంపెనీ వాటాల మీద అప్పులకు దారి ఇచ్చింది. ప్రేమ్‌చంద్ మాట మీద అప్పులు మంజూరయ్యేవని తరువాతి విచారణలో తేలింది. ప్రభుత్వం నియమించిన డైరెక్టర్లు పాలకమండలిలో కూర్చుని ఉండగానే ఇది జరిగింది, సామాన్యులు ఆ బ్యాంకును నమ్మడానికి వారి ఉనికే కారణమైంది. ఈ ఉదంతంలో అందరికంటే బరువైన బాధ్యత ఇక్కడే ఉన్నదని చెప్పక తప్పదు. జూదం ఆడినవారు తమ సొమ్ముతో ఆడారు. కాపలా ఉండవలసినవారు మాత్రం ఇతరులు నమ్మి అప్పగించిన సొమ్మును జూదానికి అందించారు.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఆ వార్త బొంబాయి చేరిన తరువాత పత్తి ధర పడిపోయింది, పత్తి మీద అప్పులిచ్చినవారు వాటాలు అమ్మజూపారు, వాటాల ధర దిగడంతో వాటి మీద అప్పులిచ్చిన ఫైనాన్స్ సంఘాలు తమ సొమ్ము తిరిగి అడిగాయి, కొనేవారు లేక భూమి కంపెనీల పథకాలు ఆగిపోయాయి. పత్తిలో కొంత, బ్యాంకు వాటాలలో కొంత, భూమిలో కొంత పెట్టి తన సొమ్మును జాగ్రత్తగా పంచుకున్నాననుకున్న గృహస్థుకు అన్నీ ఒకే నెలలో పడిపోవడం అర్థంకాని విపత్తుగా తోచింది. వాయిదా ఒప్పందాలలో అత్యధిక భాగం గడువు తీరే జులై 1న చెల్లింపులు జరగక, వర్తక సంస్థలు వరుసగా చేతులెత్తేశాయి. ఒకప్పుడు 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే వాటా 87 రూపాయలకు దిగింది. ప్రేమ్‌చంద్ కూడా దివాలా తీశాడు. లండన్‌లో ఒక బ్యాంకు శాఖ తెరవాలన్న ఉద్దేశంతో వెళ్లిన యువకుడు జంషెట్‌జీ టాటా చేతిలోని పత్రాలు విలువ కోల్పోయి, అప్పులవారికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 1864 లెక్కల ప్రకారం 8,16,562 ఉన్న నగర జనాభా 1872 నాటికి 6,44,405కు తగ్గింది. పనులు వెతుక్కుంటూ వచ్చి, పనులు లేక తిరిగివెళ్లినవారి సంఖ్య అందులో ఎంతో ఉంటుంది. ఒక్క వాటా కూడా కొనని ఈ కూలీల నష్టం ఏ దివాలా జాబితాకూ ఎక్కలేదు.

పతనం తరువాత చట్టాలు వరుసగా వచ్చాయి. పందెపు ఒప్పందాల మీద దావాలు చెల్లవని 1848 చట్టం ముందే చెప్పగా, 1865 నాటి బొంబాయి మూడవ చట్టం అటువంటి ఒప్పందాలకు అనుబంధంగా జరిగిన లావాదేవీలకు కూడా ఆ నిషేధాన్ని విస్తరించింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు 30వ సెక్షన్ పందెపు ఒప్పందాలు చెల్లవన్న సూత్రాన్ని దేశమంతటికీ నిలిపింది. అయితే వాయిదా ఒప్పందంలో సరుకు అప్పగించే ఉద్దేశం ఉన్నదా, కేవలం తేడా పంచుకునే ఉద్దేశమే ఉన్నదా అన్న ప్రశ్నను న్యాయస్థానాలు ఏ వివాదానికావివాదంగా తేల్చవలసి వచ్చింది. మర్రిచెట్ల నీడలో బేరాలు సాగించిన దలాలులు 1875 జులైలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. రూపాయి ప్రవేశ రుసుముతో 318 మంది సభ్యులు చేరిన ఆ సంఘమే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి మూలం. పత్తి వ్యాపారాన్ని నియమబద్ధం చేయడానికి బొంబాయి కాటన్ ట్రేడ్ అసోసియేషన్ కూడా ఆ సంవత్సరమే పుట్టింది.

బ్యాంక్ ఆఫ్ బాంబే మూలధనంలో అత్యధిక భాగం హరించుకుపోయి 1868లో మూతపడగా, సర్ చార్లెస్ జాక్సన్ అధ్యక్షతన విచారణ సంఘం దాని లెక్కలను పరిశీలించింది. అదే పేరుతో కొత్త బ్యాంకు ఏర్పడింది. 1876 నాటి ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టం ఏయే హామీల మీద అప్పు ఇవ్వవచ్చో మళ్లీ కట్టుదిట్టం చేసి, స్థిరాస్తి తాకట్టు మీద అప్పులను, విదేశీ మారక వ్యాపారాన్ని నిషేధించింది. ప్రభుత్వం తన మూలధనాన్నీ డైరెక్టర్లనూ ఈ బ్యాంకుల నుంచి ఉపసంహరించుకున్నది. ఈ ఆంక్షలతోనే నడిచిన బొంబాయి, బెంగాలు, మద్రాసు బ్యాంకులు 1921లో ఇంపీరియల్ బ్యాంకుగా కలిసి, 1955లో భారతీయ స్టేట్ బ్యాంకుగా మారాయి.