పేరు పెట్టడానికి వీల్లేని నెత్తురు

వంట కుదిరితే ‘పేరు పెట్టడానికి వీల్లేదు’ అని మెచ్చుకుంటాం. పెళ్ళి సంబంధం కుదిరినా అదే మాట. కాని ఆ మాటే డాక్టరుగారు మన రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని అన్నారనుకోండి, అప్పుడు తెలుస్తుంది అందులోని చేదు. ‘‘అంకెలు మామూలుగా లేవమ్మా, కాని ఇదీ అని పేరు పెట్టలేను’’ అంటారు. ఇక ఆ రోజు నుంచి మనం రోగులమూ కాము, ఆరోగ్యవంతులమూ కాము. ‘షుగరు’ అంటే నలుగురూ జాలిపడతారు. ‘బీపీ’ అంటే కూరలో ఉప్పు తగ్గిస్తారు. ‘ఏమిటో తెలీదట’ అంటే మాత్రం, ‘‘అయితే ఏమీ లేదన్నమాట’’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

ఈ త్రిశంకు స్వర్గంలో నేను ఆరేళ్ళున్నాను. ఆ సోది తర్వాత చెప్తాను. ముందు నాకన్న చాలాకాలం క్రితం, పాపం, పేరు తెలియకుండానే వెళ్ళిపోయిన ఒకాయన సంగతి వినండి.

ఆయన పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. వెస్టిండీసులో గ్రెనడా అనే చిన్న దీవి వాడు. పళ్ళ డాక్టరు చదువు కోసం 1904లో అమెరికాలోని చికాగో నగరం చేరాడు. ఆ డిసెంబరు చలిలోనే జబ్బుపడి ఆసుపత్రిలో చేరితే, ఎర్నెస్ట్ అయర్న్స్ అనే కుర్ర డాక్టరు ఆయన నెత్తుటి చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గుండ్రంగా, బిళ్ళల్లా వుండవలసిన ఎర్రకణాలు కొన్ని సన్నగా, వంకరగా, అచ్చం కొడవళ్ళలా వున్నాయి. అయర్న్స్ వాటి బొమ్మలు గీసుకుని తన పైడాక్టరు జేమ్స్ హెరిక్‌కి చూపించాడు. హెరిక్ నిజాయితీపరుడు. రెండున్నరేళ్ళు ఆ కుర్రవాణ్ణి కనిపెట్టి చూసి, 1910లో ఆ వివరాలన్నీ అచ్చువేయిస్తూ, రోగం ఫలానా అని తేల్చలేకపోయానని కూడా రాసుకున్నాడు.

నోయెల్ ఈలోగా డిగ్రీ పుచ్చుకుని, 1907లో స్వదేశం వెళ్ళి, ఊళ్ళో వాళ్ళ పళ్ళు బాగుచేస్తూ బతికాడు. 1916లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ‘సికిల్ సెల్ ఎనీమియా’, అంటే కొడవలి కణాల రక్తహీనత, అన్న పేరు వైద్యగ్రంథాలకు ఎక్కింది 1922లో. నామకరణానికి ఆరేళ్ళ ముందే మనిషి వెళ్ళిపోయాడు. ఆ ఆరేళ్ళ లెక్క నన్నెందుకో చాలారోజులు వదల్లేదు.

చికాగో నుంచి ఇక మన గోదావరి గట్టుకు వద్దాం. ఎందుకంటే ఆ కొడవళ్ళు ఇక్కడా వున్నాయి. మన దేశంలో ఈ సంగతి మొదట బయటపడింది 1952లో. నీలగిరుల్లోని కొండజాతుల్లో హెర్మన్ లేమన్, మేరీ కట్‌బుష్ అనే ఇద్దరు దీన్ని కనుక్కున్నారు. అదే ఏడు అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ కనబడింది. నీలగిరులకు వెళ్ళిన ఆ ఇద్దరికీ వైద్యం కన్న, ఏ జాతి ఎక్కడినుంచి వచ్చిందన్న చరిత్ర మీదే ఆసక్తి ఎక్కువ. తర్వాతి దశాబ్దాల్లో మన ఏజెన్సీలోని కోయల్లో, కొండరెడ్లలో కూడా ఇది వున్నట్టు తేలింది. లేదనుకున్నన్నాళ్ళూ లేక కాదు, చూసేవాళ్ళు లేక.

మావారి ఉద్యోగం మూలాన కొన్నేళ్ళు భద్రాచలంలో కాపురమున్నాం. అక్కడ ఒక ఆసుపత్రి వసారాలో నా కాగితాల కట్టతో కూచునివుంటే, పక్కన ఒక కోయ తల్లి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పదేళ్ళ పిల్లాడు. ‘‘ఏమైందమ్మా బాబుకి?’’ అన్నాను.

‘‘ఎముకల నొప్పులమ్మా. చలికాలమైతే మరీ ఎక్కువైతది. కామెర్లని పసరు తాపినం, గాలి సోకిందని తాయెత్తు కట్టినం. గీ పరీక్ష చేసినంక సికిలని రాసిచ్చిన్రు’’ అంది.

పేరు తెలిస్తే నొప్పి తగ్గుతుందా అని మనసులో అనుకుంటూనే వున్నాను. అడగకుండానే ఆమె చెప్పింది: ‘‘బడికి పోకుంటే సోమరోడని సారు కొట్టేటోడమ్మా. కాయితం సూపెట్టినంక కొడ్తలేడు.’’

పేరు వల్ల ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడిగితే ఇంతకన్న బాగా నేను చెప్పలేను.

ఆ పిల్లాడి ఒంట్లో జరిగేదేమిటో కనుక్కోవడానికి మహామహులు కావలసివచ్చారు. లోపం కణంలో కాదు, కణం లోపలి హిమోగ్లోబిన్ అణువులోనే వుందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ లోపాన్ని ఇంకా చిన్నచోటికి తరిమాడు. ఆ అణువులో 146 పూసల దండలాంటిది వుంటుంది. అందులో ఆరో పూస ఒక్కటి మారింది, అంతే! ఆ ఒక్క పూసతో మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం పది ఇరవై రోజులకే రాలిపోతుంది. వంకర కణాలు సన్న నాళాల్లో ఇరుక్కుని ఎముకల్ని నొక్కిపెడతాయి. ఆ తల్లి చేతిలో మాత్రల పట్టీ చూశాను, ఫోలిక్ యాసిడ్. రాలిపోయే కణాల బదులు కొత్తవి తయారవాలంటే అది కావాలి. దాన్ని మొదట ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి ప్రకటించింది అమెరికాలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. ఆయన పుణ్యం తిరిగి తిరిగి మన గోదావరి మన్యానికే చేరిందన్నమాట.

ఇంత చెరుపు చేసే పూస తరతరాలుగా ఎందుకు నిలిచిందీ అంటే, జవాబు మన్యపు జ్వరంలో వుంది. 1879లో రంప పితూరీని అణచడానికి అడవిలోకి వెళ్ళిన దొరల బలగాలను చలిజ్వరం పట్టి పీడించింది. ఆ జ్వరం మలేరియా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది కూడా ఎక్కడో కాదు, మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మారిన పూస అమ్మ నుంచి గాని, నాన్న నుంచి గాని ఒక్కవైపు నుంచే వస్తే మనిషికి సాధారణంగా ఏ బాధా వుండదు సరికదా, మలేరియా అంత తేలిగ్గా ప్రాణం తీయదు. ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి 1954లో ఈ సంగతి ప్రకటించాడు. ఇద్దరి నుంచీ వస్తేనే ఆ పిల్లాడి అవస్థ. అడవిలో పూర్వులు బతికి బట్టకట్టిన ఖరీదు ఇప్పుడు మనవలు చెల్లిస్తున్నారు.

ఇక నా సోది. నాది సికిల్ కాదు, దాని పినతల్లి బిడ్డ. ఏటేటా హిమోగ్లోబిన్ పదిన్నర దగ్గరే ఆగేది. ఖర్జూరం, నువ్వుండలు, మునగాకు, బీట్‌రూటు, పూటపూటా ఇనుము మాత్రలు. అంకె కదిలితే ఒట్టు! ‘‘సరిగ్గా వేసుకోవడం లేదేమో’’ అని ఒక పట్టణంలో ఒక డాక్టరుగారు నన్నే గుచ్చిగుచ్చి అడిగారు. పిల్లాణ్ణి బడిలో కొట్టారు, నన్ను మాటలతో కొట్టారు, అంతే తేడా.

చివరికి ఒక చిన్న డాక్టరమ్మ నా పాత కాగితాలన్నీ బల్లమీద పరిచి, కాలిక్యులేటర్ అడిగింది. ఎర్రకణం సైజు 64. కణాల సంఖ్య 55 లక్షలు, అంటే మిలియన్ల లెక్కలో అయిదున్నర. అరవైనాలుగుని అయిదున్నరతో భాగిస్తే పదకొండు పైచిలుకు. పదమూడు కన్న తక్కువ వస్తే ఇనుము లోపం కన్న థలసీమియాని ముందు అనుమానించాలని 1973లో మెంజర్ అనే ఆయన చెప్పిన చిట్కా. అనుమానం మాత్రమే సుమండీ, తీర్పు కాదు. తీర్పు కోసం హిమోగ్లోబిన్‌ని రకాలుగా విడదీసే పరీక్ష వేరే వుంది. అందులో ఏటూ అనే రకం మూడున్నర శాతం లోపు వుండాలి. నాకు అయిదు దాటింది. ‘బీటా థలసీమియా ట్రెయిట్’, అంటే లోపాన్ని మోసేదాన్నే కాని రోగిని కాదు. భాగించాల్సిన ఆ రెండంకెలూ ఆరేళ్ళుగా ప్రతి కాగితంలోనూ ఒకదాని కిందొకటి అచ్చయివున్నాయి!

థలసీమియా మోసేవాళ్ళకు మలేరియా నుంచి రక్ష వుండవచ్చునని 1949లోనే ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన తర్వాత మన దేశపౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. వీలునామా ప్రకారం ఆయన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. నా నెత్తురుకి కారణం ఊహించిన మనిషి మా పక్క జిల్లాలో వున్నాడని తెలిసి ఎందుకో నవ్వొచ్చింది.

కొడవలి కణాల పరీక్షలు ఇప్పుడు ఊళ్ళల్లోకే వస్తున్నాయి. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం, తెలంగాణ, ఆంధ్రలతో సహా 17 రాష్ట్రాల్లో ఏడుకోట్లమందికి పరీక్షలు చేసే కార్యక్రమం ప్రారంభించింది. మాలాంటి మేనరికాల కొంపల్లో మాత్రం ఇంటిపరీక్షలు ఇంట్లోనే జరగాలి. మా తమ్ముడి కొడుకుకి మా అమ్మాయినివ్వాలని మా అమ్మ ఉయ్యాలనాడే అనేసుకుంది. భార్యాభర్తలిద్దరూ మోసేవాళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగోవంతు ముప్పు వుంటుంది. తమ్ముడికీ పరీక్ష చేయిస్తే వాడికీ వుంది, వాడి కొడుక్కీ వుంది. మా అమ్మాయి కాగితం వచ్చేదాకా అమ్మ దేవుడి ముందు నుంచి లేవలేదు. దానికి లేదని తేలింది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, ‘‘ఇంక అడ్డేముందే?’’ అని మనవరాలి గడ్డం పట్టుకుంది.

‘‘నా నెత్తురుకి అడ్డం లేదు అమ్మమ్మా, నాకే వుంది. బావకి ముందు ఉద్యోగం చూడు’’ అని అది కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది.