సైకిలుకు విద్యుచ్ఛక్తి: బ్యాటరీ పూర్వోత్తరాలు

మా కేంద్రంలో పనిచేసే మిత్రులొకరు తమ పాత సైకిలుకు మోటారు బిగించుకున్నారు. చౌకగా వస్తున్నదని పేరూ ఊరూ లేని ఒక లిథియం బ్యాటరీని కొన్నారు. మూడు నెలలు బాగానే నడిచింది. ఒకనాటి సాయంకాలం ఛార్జి పెట్టిన పెట్టె ఉబ్బి, మూత విచ్చుకొని, చేయి తాకరానంత వేడెక్కింది. అదృష్టవశాత్తు అది పెరటిలో ఉన్నది కాబట్టి ఇల్లు దక్కింది. మరునాడు ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇక ఎటువంటి బ్యాటరీ కొనవలె?" ఈ ప్రశ్నకు సరియైన సమాధానం అంగడిలో కంటె చరిత్రలోనే స్పష్టంగా దొరుకుతుందని మా అభిప్రాయం.

1800లో ఇటలీ దేశస్థుడైన వోల్టా తుత్తునాగపు బిళ్లలను, వెండి బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను ఉంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహాన్ని సాధించాడు. బ్యాటరీకి అది ఆది. కాని ఆ పేర్పులోని శక్తి ఒకసారి వ్యయమైతే మరల నింపే ఉపాయం లేదు. 1859లో ఫ్రాన్సు దేశంలో ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ నింపుకోదగిన బ్యాటరీని నిర్మించాడు. నేటికీ కార్లలోను, మన ఇండ్లలోని ఇన్వర్టర్లలోను ఉన్నది ఆ వంశపు బ్యాటరీయే.

నింపుకొనే బ్యాటరీ లభించగానే దానిని చక్రాలపైకి ఎక్కించవలెననే కోరిక కలగడం సహజం. 1881లో గుస్తావ్ త్రూవే అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్ వీధిలో విద్యుత్తుతో మూడు చక్రాల బండిని నడిపి చూపాడు. 1895లో ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికను విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందాడు. వెనుక చక్రం నడిమి భాగంలోనే మోటారు, చట్రం నడుమ వేలాడే బ్యాటరీ, ఇదీ ఆయన గీసిన చిత్రం. నేడు మన వీధులలో కనబడే సైకిళ్లలో చాలావాటి అమరిక ఇంచుమించు ఇదే. అటువంటప్పుడు నూరేండ్లపాటు విద్యుత్ సైకిలు ఎందుకు వ్యాప్తికి రాలేదు? కారణం సీసపు బరువు. 360 వాట్-గంటల శక్తి నిలువ చేయడానికి సీసపు బ్యాటరీ పది కిలోలకు తక్కువ తూగదు. తొక్కేవాని శ్రమ తగ్గించవలసిన వస్తువే అతనికి బరువై కూర్చున్నది.

ఇక లిథియం కథ. 1817లో స్వీడను దేశంలో ఆర్ఫ్‌వెడ్సన్ అనే యువకుడు ఒక ఖనిజాన్ని పరీక్షిస్తూ ఈ లోహాన్ని కనుగొన్నాడు. రాతిలో దొరికినది కనుక గ్రీకు భాషలో రాయి అనే అర్థం గల మాటనుండి దీనికి పేరు పెట్టారు. పేరు రాయే కాని, లోహాలన్నింటిలోను తేలికైనది ఇదే. నీటి సాంద్రతలో దీని సాంద్రత సుమారు సగమే. 1970ల దశాబ్దంలో విటింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞులు లిథియం లోహాన్ని ఒక ధ్రువంగా ఉంచి సుమారు రెండు వోల్టుల బ్యాటరీని తయారుచేశారు. అయితే ఛార్జి చేసినప్పుడెల్లా ఆ లోహంపై మీసాలవంటి మొలకలు పెరిగి, రెండవ ధ్రువాన్ని తాకి, అగ్నికి కారణమయ్యేవి. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో గుడెనఫ్ గారు కోబాల్టు ఆక్సైడును ప్రయోగించి నాలుగు వోల్టులు రాబట్టారు. 1985లో జపానుకు చెందిన యోషినో గారు లోహానికి బదులు కర్బన పదార్థాన్ని ఉంచి, లిథియం కేవలం అయానుల రూపంలోనే ఇటునుండి అటు సంచరించేటట్లు చేశారు. ఆ మరుసటి ఏడు బ్యాటరీమీద ఇనుప దిమ్మను పడవేసి పరీక్షించారు. లిథియం లోహం గల బ్యాటరీ భగ్గున మండింది; ఆయన బ్యాటరీ మండలేదు. ఆ క్షణమే లిథియం అయాన్ బ్యాటరీ పుట్టినదని ఆయన తరువాత చెప్పుకొన్నారు. 1991లో సోనీ సంస్థ దానిని అంగడిలోకి తెచ్చింది. ఈ ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానం లభించింది.

కథ అక్కడితో ముగియలేదు. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గుడెనఫ్ గారితో కలిసి పాఢి, నంజుండస్వామి అనే పరిశోధకులు కోబాల్టుకు బదులు ఇనుము, భాస్వరం గల ఫాస్ఫేటును ధనధ్రువంగా వాడవచ్చునని ప్రకటించారు. ఇందులో ఆమ్లజని భాస్వరాన్ని గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. కాబట్టి బ్యాటరీ వేడెక్కినా అది సులభంగా విడివడి మంటకు తోడ్పడదు. బరువునుబట్టి చూస్తే శక్తి కొంత తక్కువ. కాని ఆయుర్దాయం ఎక్కువ, నిలకడ ఎక్కువ.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు వద్దాము. అంగడిలో ప్రధానంగా రెండు జాతులున్నవి. నికెలు, మాంగనీసు, కోబాల్టు కలిసినది ఒకటి; ఇనుప ఫాస్ఫేటు రెండవది. మొదటిదానిలో ఒక్కొక్క ఘటము 3.6 వోల్టులు, రెండవదానిలో 3.2 వోల్టులు. 36 వోల్టుల బ్యాటరీకి మొదటివి పది, రెండవవి పన్నెండు వరుసగా కలపవలె. నిండినప్పుడు మొదటిది 42 వోల్టులకు, రెండవది 43.8 వోల్టులకు చేరుతుంది. కనుక ఒకదాని ఛార్జరును మరొకదానికి తగిలించరాదు. ఆ తేడా రెండు వోల్టులకు లోపే. కాని దానివల్ల వచ్చే ప్రమాదం పెద్దది.

36 వోల్టులను 10 ఆంపియర్-గంటలతో గుణిస్తే 360 వాట్-గంటలు. కిలోమీటరుకు 10 నుండి 15 వాట్-గంటలు ఖర్చగుననుకొంటే 24 నుండి 36 కిలోమీటర్లు వెళ్లవచ్చును. అమ్మేవారు చెప్పే దూరాన్ని నమ్మే ముందు ఈ లెక్క వేసుకోవలె. ఘటములన్నిటిని సమంగా నింపుతూ, మితి మీరినప్పుడు ప్రవాహాన్ని ఆపే కాపలా పరికరం పెట్టెలో తప్పక ఉండవలె. మా మిత్రుని పెట్టెను విప్పి చూసిన మెకానిక్కుకు అది కనబడనే లేదు.

2022లో మన దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు అంటుకొన్నప్పుడు ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలను కట్టుదిట్టం చేసింది. అయితే 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన బండ్లు మన చట్టం ప్రకారం మోటారు వాహనాలు కావు. స్కూటర్లకు జరిగే పరీక్షలన్నీ విడిగా కొనే సైకిలు బ్యాటరీకి కూడ జరిగి ఉంటవని నమ్మడానికి వీలులేదు. ఇక్కడ పరీక్షాధికారి కొనేవాడే.

రెంటచింతల, రామగుండం ఎండలను ఎరిగినవారికి మా సలహా ఊహించడం కష్టం కాదు. కిలో బరువు ఎక్కువైనా ఇనుప ఫాస్ఫేటు మేలు. ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చిన తరువాతనే ఛార్జి పెట్టవలె. రాత్రి అందరూ నిద్రించే వేళ పెట్టరాదు. యోషినో గారు ఇనుప దిమ్మను పడవేసి చూసిన తరువాతనే తమ బ్యాటరీని నమ్మారు. మనము దిమ్మను పడవేయనక్కరలేదు. నాలుగు ప్రశ్నలు అడిగితే చాలును. మా మిత్రులు ఈసారి అడిగి కొన్నారు. వారి సైకిలు ఇప్పుడు ప్రతి ఉదయం మా కేంద్రం గేటు ముందు ఆగుతున్నది.