రొమ్ముగాయానికి కట్టు – నాడు, నేడు

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు రాయమంటే మన మిత్రులు చాలామంది బదిలీల గురించో, పే కమిషన్ల గురించో రాస్తారు. వాటిని నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. ఆరోగ్యశాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాడిని కనుక నేను ఒక కట్టు చరిత్ర రాస్తున్నాను. కట్టుకేమి చరిత్ర ఉంటుందని నవ్వకండి. రొమ్ములోకి లోతుగా గాయం దిగినప్పుడు ముందుగా ఏం చేయాలనే విషయంలో వైద్యలోకం రెండు వందల ఏళ్ళలో నాలుగైదుసార్లు మాట మార్చింది. మనలో అనేకులం ఉద్యోగంలో ఉండగా సెంట్ జాన్ అంబులెన్సు వారి ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్ళి సర్టిఫికెట్లు పుచ్చుకున్నవాళ్ళమే. ఆనాడు మనం నేర్చుకున్న కట్టును ఈనాడు మామూలు మనుషులు కట్టవద్దంటున్నారు. ఆ సంగతి మనవాళ్ళందరికీ తెలియాలనే ఇది రాయడం.

కోనసీమలో ప్రమాదం అనగానే అందరికీ మంటలే గుర్తుకొస్తాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పేలింది. అవి పత్రికలకెక్కాయి. పత్రికలకెక్కని ప్రమాదాలు మా మలికిపురం చుట్టుపక్కల ఎప్పుడూ ఉన్నవే. దింపు తీసేవాడు కొబ్బరిచెట్టు మీద నుంచి జారి దడి కర్ర మీద పడతాడు. మేత వేయబోయిన రైతును ఎద్దు కుమ్ముతుంది. చట్టం కాదన్నా సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉంటాయి, కోడి కాలికి కట్టిన కత్తికి పందెంకోడికీ మనిషికీ తేడా తెలియదు. ఇనుప చువ్వల బండి వెనుకనే చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

1970లలో నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను. అప్పటికి చించినాడ వంతెన లేదు. మాకు పెద్దాసుపత్రి అంటే సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కి వశిష్ఠ దాటి నరసాపురం వెళ్ళడమే. దింపు తీసే యువకుడొకడు చెట్టు మీద నుంచి పడ్డాడు. కుడివైపు పక్కటెముకల మధ్య వెదురు దడి ముక్క గుచ్చుకుంది. మేము వెళ్ళేసరికే ఎవరో దాన్ని లాగేశారు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోతున్న చప్పుడు, బయటికి వస్తూ నెత్తురు నురుగు. మాతో ఉన్న కాంపౌండరు గారు వాజలైన్ పూసిన గాజుగుడ్డ పెట్టి, నాలుగు పక్కలా ప్లాస్టరు అంటించారు. అప్పటి పద్ధతి అదే. చప్పుడు ఆగింది. కుర్రవాడి ముఖంలోకి కాస్త కళ వచ్చింది. నులక మంచం మీద రేవుకు మోసుకుపోయి పంటి ఎక్కించాం.

నది నడిమధ్యలో వాడికి మళ్ళీ ఎగశ్వాస మొదలయింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. పెదవులు నల్లబడ్డాయి. తల్లి పంటి మీదే కూలబడి ఏడుపు. కాంపౌండరు గారు ఒక్క క్షణం చూసి, ప్లాస్టరు ఒక పక్క ఊడదీసి గాజుగుడ్డ అంచు ఎత్తారు. బుస్సుమని గాలి బయటికొచ్చింది. రెండు మూడు ఊపిర్లలో వాడు తేరుకున్నాడు. అవతలి ఒడ్డు చేరేదాకా ఆయన ఆ అంచును వేళ్ళతో పట్టుకునే కూర్చున్నారు. ఎందుకు ఊడదీశారండీ అని తరువాత అడిగాను. "సైకిలు ట్యూబులో గాలి మరీ ఎక్కువైతే కాస్త వదలమూ? ఇదీ అంతేనయ్యా" అన్నారు. ఆ కుర్రవాడు బతికాడు. మళ్ళీ చెట్టెక్కలేదు గానీ కొబ్బరికాయల బేరం చేసుకుని పిల్లల్ని పెంచుకొచ్చాడు.

ఆ సైకిలు ట్యూబు మాటలోనే ఈ కట్టు చరిత్ర అంతా ఉంది. మన రొమ్ము కొలిమి తిత్తి లాంటిది. తిత్తి సాగినప్పుడు గాలి దాని దారిన లోపలికి వస్తుంది. తిత్తి తోలుకు పెద్ద చిల్లుపడితే గాలి ఆ చిల్లులోంచే వస్తుంది. గాయం వెడల్పు మన శ్వాసనాళం వెడల్పులో సుమారు మూడింట రెండు వంతులుంటే, అంటే చిటికెన వేలు దూరేంత ఉంటే, గాలి ముక్కు దారి వదిలి గాయం దారి పడుతుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. కనుక చిల్లు మూయాలి. ఇది ఒక భయం. రెండో భయం దీనికి సరిగ్గా ఎదురు. గాయం లోపలి ఊపిరితిత్తికి కూడా తగిలి ఉంటే, ప్రతి ఊపిరికీ అందులోంచి గాలి రొమ్ములోకి కారుతూనే ఉంటుంది. పైచిల్లు గట్టిగా మూసేస్తే ఆ గాలికి దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తిని నలిపి, గుండెను పక్కకు నెట్టి, గుండెకు చేరవలసిన రక్తాన్నే అడ్డుకుంటుంది. అప్పుడు మనిషిని చంపేది గాయం కాదు, కట్టు.

మొదటి భయాన్ని కనిపెట్టినవారిలో ప్రసిద్ధుడు నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే. 1798లో మొదలైన ఈజిప్టు దండయాత్రలో ఒక సైనికుడిని రొమ్ములో కత్తిపోటుతో ఆయన దగ్గరకు తెచ్చారు. నురుగునెత్తురు, ఈల వేసినట్టు గాలి. ఇతడు దక్కడని లారే అనుకున్నాడు. ఆ దృశ్యం కళ్ళబడకుండా ఉండాలని గాయం అంచులు దగ్గరకు చేర్చి కప్పేశాడు. ఆశ్చర్యం, సైనికుడు వెంటనే తెరిపిన పడ్డాడు, చివరికి కోలుకున్నాడు కూడా. లారే ఈ సంగతి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వైద్యంలో గొప్ప విషయాలు ఇలా జాలిపడి చేసిన పనుల్లోంచి కూడా పుడతాయేమో!

ఆ తరువాత అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో, బెంజమిన్ హోవర్డ్ అనే సైనిక వైద్యుడు ఇంకో అడుగు వేశాడు. గాయాన్ని వెండి తీగతో కుట్టి, పైన కొలోడియన్ అనే జిగురు పూసి గాలి చొరబడకుండా బిగించాడు. ఊపిరి సులువయింది నిజమే. కానీ క్రిముల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు, లిస్టరు పరిశోధన వెలువడింది 1867లో. లోపల బందీ అయిన చీము చాలామందిని తీసుకుపోయింది. ఆ యుద్ధంలో రొమ్ము లోపలిదాకా గాయం దిగినవారిలో నూటికి అరవైమందికి పైగా చనిపోయారు. హోవర్డు పద్ధతి మూలపడింది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నాటి అమెరికా సైనిక శిబిరాల్లో ఊపిరితిత్తుల చుట్టూ చీము పట్టిన జవాన్లకు వెంటనే రొమ్ము కోసి చీము తీసేవారు. అలా చేసినవాళ్ళు ఇట్టే చనిపోతుండేవారు. ఎందుకో చూడమని వేసిన సంఘంలో ఇవార్ట్స్ గ్రాహం అనే శస్త్రవైద్యుడున్నాడు. రొమ్ముకు ఒకవైపు చిల్లు పెడితే దెబ్బతినేది ఆ వైపు ఊపిరితిత్తి ఒక్కటే కాదు, రెండూనని ఆయన నిరూపించాడు. రొమ్ముకు పడ్డ చిల్లు వెంటనే మూయాలన్న మాటకు శాస్త్రబలం వచ్చింది. గాజుగుడ్డ, వాజలైను, ప్లాస్టరు సైనిక వైద్యుల సంచుల్లో స్థిరపడ్డాయి.

అది మన తీరానికీ చేరింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, మన పక్కనే ఉన్న కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో వైమానిక దాడుల రక్షణకు పెట్టిన ఎ.ఆర్.పి. దళాల పనిలో ప్రథమ చికిత్స ముఖ్యమైన భాగం. 1877లో ఇంగ్లండులో పుట్టిన సెంట్ జాన్ అంబులెన్సు సంఘం పాఠాలే మన దేశంలోనూ నడిచాయి. మనమంతా తిప్పలు పడి మడతపెట్టడం నేర్చుకున్న త్రికోణపు కట్టు కూడా జర్మనీ సైనిక వైద్యుడు ఎస్మార్క్ ప్రచారంలోకి తెచ్చినదే. నేను శిక్షణ పొందినప్పుడు రొమ్ముగాయానికి పాఠం ఒక్కటే: గాలి చొరకుండా మూయి.

రెండో భయానికి జవాబు తరువాత వచ్చింది. అమెరికాలో స్టైనర్ అనే ఎముకల వైద్యుడు 1976లో తన సొంత విమానం కూలి, పిల్లలతో సహా చిన్న ఆసుపత్రికి చేరి, అక్కడ అందిన వైద్యం చూసి నివ్వెరపోయాడు. అందులోంచి ప్రమాద వైద్యానికి ఒక శిక్షణ క్రమం పుట్టి ప్రపంచమంతా పాకింది. రొమ్ముగాయం మీద కాగితం పెట్టి మూడు పక్కలే అంటించి నాలుగో పక్క వదలాలన్న పద్ధతి అందులో పాఠమైంది. ఊపిరి తీసినప్పుడు కాగితం గాయానికి అతుక్కుని మూస్తుంది, వదిలినప్పుడు అంచు లేచి గాలి పోతుంది. పంటి మీద మా కాంపౌండరు గారు వేళ్ళతో చేసిన పని ఇదే! కానీ నెత్తురు, చెమట, బురద మధ్య ఈ మూడు పక్కల కట్టు నిలవడం కష్టం. అందుకని కవాటమున్న అంటుబిళ్ళలు తయారు చేశారు. పందుల మీద చేసిన ప్రయోగాల్లో, లోపల గాలి పెరుగుతున్నప్పుడు కవాటం లేని బిళ్ళ ప్రాణం మీదికి తెచ్చింది, కవాటమున్నది కాపాడింది. 2013లో అమెరికా సైన్యపు సలహా సంఘం కవాటమున్నదే వాడమంది.

ఇక మనబోటివాళ్ళ సంగతి. 2015లో అంతర్జాతీయ ప్రథమ చికిత్స సలహాలు ఇచ్చే నిపుణుల సంఘం తేల్చి చెప్పింది: శిక్షణ అంతగా లేనివారు రొమ్ముగాయాన్ని గాలి చొరకుండా మూయవద్దు, తెరిచి వదిలినా సరే. కట్టు బిగించి చంపే ప్రమాదం, తెరిచి ఉంచడం వల్ల వచ్చే ప్రమాదం కంటే ఎక్కువని వారి అంచనా. 2024లో అమెరికా హృద్రోగ సంఘం, రెడ్ క్రాసు కలిసి ఇచ్చిన సలహాలు కూడా అదే దారి: గాయం తెరిచి ఉంచవచ్చు, లేదా పొడి శుభ్రమైన గుడ్డ వదులుగా వేయవచ్చు, శిక్షణ ఉన్నవారి దగ్గర కవాటమున్న బిళ్ళ ఉంటే అది వాడవచ్చు. ఏది వేసినా, ఊపిరి ఇబ్బంది పెరిగితే వెంటనే వదులు చేయాలి లేదా తీసేయాలి. ఇంత చదువూ చదివి మళ్ళీ తెరిచి ఉంచమనడమేమిటని మా ఇంట్లో మనవరాలు అడిగింది. ఆమె నర్సింగు చదువుతోంది, పరీక్షలో ఏం రాయాలో తెలియక నన్నే పట్టుకుంది!

గుచ్చుకున్న కర్రగానీ కత్తిగానీ లాగవద్దు. మనవాళ్ళకు ముందు చేయి పోయేది దాని మీదికే. అది లోపల ఒక రక్తనాళానికి మూతలా ఉండి ఉండవచ్చు. కదలకుండా దాని చుట్టూ గుడ్డలు పేర్చి ఆనించాలి. నెత్తురు ధారగా కారుతుంటే ఆ చోట శుభ్రమైన గుడ్డతో నొక్కక తప్పదు. అయితే నెత్తురుతో తడిసి అట్టకట్టిన గుడ్డ కూడా ప్లాస్టరులాగే గాలిని మూసేస్తుంది కనుక కనిపెట్టుకుని ఉండి మార్చాలి. పసుపు, కాఫీపొడి, సున్నం గాయంలో కుక్కవద్దు. తెలివి ఉంటే అతనికి ఊపిరి సులువుగా ఉన్న తీరులో, సాధారణంగా ఒరిగి కూర్చోబెట్టినట్టుగా ఉంచాలి. నీళ్ళు తాగించవద్దు. వెనుక వీపు వైపు చొక్కా పైకెత్తి చూడండి, లోపలికి దిగినది అటు కూడా బయటపడి ఉండవచ్చు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండి మా ఊళ్ళకూ వస్తుంది. ఫోనులో గాయం రొమ్ముకు అని మొదటే చెప్పండి. పోలీసు కేసవుతుందేమోనని వెనుకాడే రోజులు పోయాయి. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఆదుకున్నవారికి రక్షణ ఇచ్చాయి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినవారు పేరు చెప్పడం కూడా వారి ఇష్టమే.