కేటో చెప్పిన ఆస్పరాగస్ మడి

రోము ఇంకను చక్రవర్తుల నెరుగని గణరాజ్యముగా ఉన్న దినములలో, క్రీస్తుపూర్వము 160 ప్రాంతమున, మార్కస్ పోర్షియస్ కేటో అను వృద్ధ రాజనీతిజ్ఞుడు తన కృషి జీవితానుభవమును క్రోడీకరించి వ్యవసాయమును గూర్చి ఒక గ్రంథము రచించెను. లాటిను గద్యమున సమగ్రముగా దక్కిన కృతులలో అదియే ప్రాచీనతమము. కార్తేజి నగరమును నిర్మూలింపవలెనని సెనేటు సభలో పట్టుబట్టిన ఆ కఠినుడే, గ్రంథాంతమున 161వ అధ్యాయమునందు, ఆస్పరాగస్ అను కూరమొక్కకు మడి కట్టుట మొదలుకొని, ఎనిమిది తొమ్మిదేండ్లకు దాని వేళ్ళను పెకలించి వేరొకచోట పాతుట వరకు, ఏ ఋతువున ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ఎంతయు ఓపికతో చెప్పియున్నాడు. నేటికిని ఐరోపా, అమెరికా దేశముల గృహస్థులు పెరటి మడిలో చేయు పనులలో ముఖ్యమైనవన్నియు ఆ చిన్న అధ్యాయమున ఇమిడియున్నవని నా నమ్మకము.

ఈ మొక్క మన శతావరికి, పల్లెలలో పిల్లిపీచర అని పిలువబడు ముండ్ల తీగకు, సజాతీయము. మనము శతావరి వేళ్ళను ఔషధమునకై త్రవ్వుకొందుము; ఆ దేశములవారు వేళ్ళను భూమియందే పదిలపరచి, వసంతమున వాటినుండి వెలువడు వ్రేలి లావు మొలకలను మాత్రము కోసి భుజింతురు. చలికాలమున పైభాగమంతయు ఎండిపోయి వేరు విశ్రమించుట దీని స్వభావము గనుకనే, ఎముకలు కొరుకు చలి గల దేశములలో ఇది స్వస్థానమున ఉన్నట్లు వర్ధిల్లును.

కోయక విడిచిన మొలక నాలుగైదు అడుగుల ఎత్తెదిగి, నురుగువలె సన్నని ఆకుపచ్చని పొదగా విచ్చుకొనును. వేసవియంతయు ఆ పొద ఎండను త్రాగి సిద్ధపరచిన ఆహారము వేరులో చేరి, మరుసటి వసంతపు మొలకలకు ఆధారమగును. కావున వసంతమున మన పళ్ళెములోనికి వచ్చునది గత గ్రీష్మపు నిలువ. ఈ యేడు అత్యాశతో తుదివరకు కోసినవానికి వచ్చే యేడు సన్నని పుల్లలే మిగులును. ఈ మడిని గూర్చిన జ్ఞానమంతయు కోతను ఎప్పుడు ఆపవలెననుటయందే ఉన్నది.

కేటో ఈ సంగతిని అనుభవము చేతనే గ్రహించెను. తడి నిలుచు సారవంతమైన నేలను చక్కగా గుల్లచేసి, వసంత విషువత్తు గడచిన పిమ్మట త్రాడు పట్టి వరుసలు తీర్చి, కర్రతో గుంటలు పొడిచి, ఒక్కొక్కదానిలో రెండు మూడు గింజలు విడిచి, పైన ఎరువు చల్లుమనెను. మొలచిన ఏట పలుమారు కలుపు తీయవలెను గాని, కలుపుతోడ లేత మొక్క ఊడి రాకుండ కనిపెట్టవలెను. తొలి చలికాలమున గడ్డి కప్పి, వసంతారంభమున తొలగింపవలెను. మొలకలు పైకి రాకమునుపు మడిని త్రవ్వినచో వేళ్ళకు గాయమగునని హెచ్చరించెను. గొర్రెల ఎరువే శ్రేష్ఠమనియు, తక్కినవి కలుపును పుట్టించుననియు ఆయన మాట. మూడవ లేక నాలుగవ ఏట గాని కోతకు అనుమతి లేదు. అదియు మొక్క గింజకు పోవుట కనిపించువరకే. నేడు గింజకు బదులు ఏడాది వయసు గల వేళ్ళను కొని, 6 నుండి 8 అంగుళముల లోతు కాలువలో పరచి, మొలక ఎదిగినకొలది మన్ను పూడ్చుచుందురు. అయినను తొలి ఏట ఒక్క మొలకనైనను త్రుంచరు.

ఈ నిగ్రహమును రాజులు పాటింపలేదు. ఫ్రాన్సులోని వెర్సాయిలో 14వ లూయీ రాజుకొరకు 1678 మొదలు 1683 వరకు బురదనేలపై నిర్మింపబడిన వంటతోటకు అధిపతియైన లా కెంతినీ, న్యాయశాస్త్రము చదివి తోటపనికి వచ్చినవాడు, పచ్చి పెంట పులియుటచే పుట్టు వేడితో డిసెంబరు మాసముననే మొలకలను రప్పించి రాజుగారి బల్లకు పంపెను. ఆ నైపుణ్యము ఆశ్చర్యకరమే. కాని అట్లు అకాలమున బలవంతపెట్టబడిన వేళ్ళు త్వరలో నీరసించును. జర్మనీ రైతుల ఆచారము నా కంటికి ఇంతకంటె గొప్పది: జూన్ 24, సెయింట్ జాన్ పండుగనాడు, బజారులో ఎంత గిరాకి ఉన్నను వారు కోత చాలించి, మిగిలిన వేసవిని వేళ్ళకు విడిచిపెట్టుదురు. అమెరికాలో అధ్యక్ష పదవి వహించిన థామస్ జెఫర్సన్ కూడ తన మాంటిచెల్లో తోటలో ఈ మడికి పొగాకు ఆకులు కప్పించి, ఎరువు వేయించి, ఆ వివరములను తన తోట పుస్తకమున వ్రాసికొనెను.

1896లో న్యూజెర్సీ మొదలగు అమెరికా తూర్పు రాష్ట్రములలో ఈ పంటకు కుంకుమ తెగులు కనిపించినది. అది మొలకను అంతగా బాధింపదు. వేసవిలో పొదను పట్టి, ఎర్రని బొబ్బలతో ఎండగొట్టి, వేరుకు రావలసిన ఆహారమును మధ్యలో హరించును. రైతు తన నష్టమును తెలిసికొనునది మరుసటి వసంతముననే. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో జె. బి. నార్టన్ అను ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు తెగులును తట్టుకొను మొక్కలను ఏండ్ల తరబడి ఏరి, 'వాషింగ్టన్' అను మగ మొక్కను 'మేరీ', 'మార్తా' అను ఆడ మొక్కలతో సంకరపరచెను. మేరీ వాషింగ్టన్ రకము నేటికిని పెరళ్ళలో కలదు. ఈ తెగులు బీజములు ఎండిన కాడలలో చలికాలము గడుపును. వసంతారంభమున ఎండిన పొదను తగులబెట్టుమన్న కేటో ఈ తెగులుకు మూలమైన శిలీంధ్రమును ఎరుగడు గాని, ఆ అగ్ని దాని బీజములను దహించెడిది. ఇంతటి సూక్ష్మవీక్షణము గల రైతుకు నేను నమస్కరింతును.

ఈ జాతిలో ఆడ, మగ మొక్కలు వేరు. ఆడ మొక్క శరత్తున ఎర్రని పండ్లు కాయును. వాటికై వెచ్చించిన సారము వేరుకు దక్కదు, రాలిన గింజలు మొలచి మడిలో తామే కలుపగును. అందుచేత న్యూజెర్సీ రట్గర్స్ విశ్వవిద్యాలయమువారు మగ మొక్కలే ప్రధానముగా వచ్చు సంకరజాతులను సృష్టించిరి. ఆ రాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెరటి తోటపై మక్కువ గలవారు వీటిని నాటుకొనవచ్చును. మొలకలు పెన్సిలు కంటె సన్నగిలినప్పుడు కోత చాలింపుడు. పొద పసుపువర్ణమునకు తిరుగువరకు కత్తి తాకింపకుడు. మడి ముదిసి దిగుబడి తగ్గిన నాడు, కేటో చెప్పినట్లు, చుట్టును త్రవ్వి, వేరు విరుగకుండ పెకలించి, క్రొత్త నేలలో అడుగుకు తక్కువ కాని ఎడముతో పాతుడు; పాత మడిలోనే మరల పాతినచో, ఆ మట్టిలో నిలిచిన వేరుకుళ్ళు క్రొత్త మొక్కలను పట్టును.